పలోమా: టెకీలా, గ్రేప్‌ఫ్రూట్ సోడా ఇంట్లో కలుపుకునే పద్ధతి (ఎపిసోడ్ పూర్తి పాఠం)

ముందుగా ఒక మాట. మద్యపానం ఆరోగ్యానికి హానికరం. ఈ ఎపిసోడ్ 21 ఏళ్లు నిండినవాళ్ల కోసం మాత్రమే. తాగని వాళ్లు తాగడం మొదలుపెట్టాలని నేను చెప్పట్లేదు. ఎలాగూ ఇంట్లో నలుగురు కూర్చున్నప్పుడు గ్లాసులు బయటికి వస్తున్నాయి కాబట్టి, అందులో ఏం పోస్తున్నాం, ఎంత పోస్తున్నాం అన్నది తెలిసి పోద్దాం అని చెప్తున్నాను.

ఈ రోజు మనం మాట్లాడుకునేది పలోమా. మెక్సికో డ్రింక్. స్పానిష్‌లో పలోమా అంటే పావురం. మార్గరీటా పేరు మనలో చాలామంది విన్నారు, కానీ మెక్సికోలో మామూలు జనం ఇళ్లల్లో, రెస్టారెంట్లలో టెకీలాతో ఎక్కువగా తాగేది ఇదే. టెకీలా, గ్రేప్‌ఫ్రూట్ సోడా, నిమ్మరసం, చిటికెడు ఉప్పు. అంతే, నాలుగే వస్తువులు. షేకర్ అక్కర్లేదు, మిక్సీ అక్కర్లేదు.

ఒక్కసారి ఆలోచించండి. మన బడ్డీ కొట్లో స్వీట్ అండ్ సాల్ట్ నిమ్మ సోడా తాగుతాం కదా? పులుపు, తీపి, ఉప్పు, గ్యాస్. పలోమా కూడా అదే కుటుంబం. దానికి కొంచెం చేదు, కొంచెం టెకీలా కలిశాయి. అందుకే మన నాలుకకి ఇది మొదటి గుటకకే నచ్చేస్తుంది. సరిగ్గా అక్కడే జాగ్రత్త కూడా కావాలి. ఎందుకో వరసగా చెప్తాను.

టెకీలా అంటే ఏంటి?

టెకీలా అనేది ఒక ఊరి పేరు. మెక్సికోలో హలిస్కో అనే రాష్ట్రంలో ఉంటుంది ఆ ఊరు. బ్లూ అగేవ్ అనే మొక్కతో చేసే సారాకి ఆ ఊరి పేరే వచ్చింది. చాలామంది అగేవ్‌ని నాగజెముడు లాంటి కాక్టస్ అనుకుంటారు. కాదండీ. మన దగ్గర రైలు పట్టాల పక్కన, చేల గట్ల మీద కత్తుల్లాంటి ఆకులతో ఒక మొక్క కనిపిస్తుంది చూడండి, కిత్తనార అంటాం, తాళ్లు పేనడానికి నార తీస్తారు. అది కూడా అగేవ్ జాతే. బ్లూ అగేవ్ దానికి దగ్గర చుట్టం.

ఆ మొక్క కోతకి రావడానికి సుమారు 6 నుంచి 8 ఏళ్లు పడుతుంది. కోసేవాళ్లని హిమదోర్ అంటారు. పొడుగు కర్రకి గుండ్రటి పదునైన బిళ్ల ఉన్న పనిముట్టుతో ఆకులన్నీ చెక్కేస్తే, మధ్యలో పెద్ద అనాసపండు లాంటి దుంప మిగులుతుంది. దాన్ని పీన్యా అంటారు, అంటే అనాస అనే అర్థం. ఒక్కోటి పదుల కిలోలు తూగుతుంది. దాన్ని ఆవిరి మీద ఉడికిస్తే లోపలి పిండి లాంటి పదార్థం తీపి చక్కెరగా మారుతుంది. రసం తీసి, పులియబెట్టి, కనీసం రెండుసార్లు బట్టీ పెడతారు. అదే టెకీలా.

టెకీలా అన్న పేరు పెట్టుకోవాలంటే హలిస్కో రాష్ట్రంలో గానీ, ఇంకో నాలుగు రాష్ట్రాల్లో గుర్తించిన కొన్ని ప్రాంతాల్లో గానీ తయారవ్వాలి. 1974 నుంచి మెక్సికోలో దీనికి చట్టపరమైన రక్షణ ఉంది. మన బందరు లడ్డుకి జీఐ ఉంది కదా, ఆ లెక్కే. మన చిత్తూరు జిల్లాలో డెస్మండ్ నజరెత్ అనే ఆయన దక్కన్ నేలలో పెరిగే అగేవ్‌తో డిస్టిలరీ పెట్టి, డెస్మండ్‌జీ పేరుతో అమ్ముతున్నారు. దాన్ని అగేవ్ స్పిరిట్ అనాలి తప్ప టెకీలా అనకూడదు. పలోమాలోకి మాత్రం బాగానే పనికొస్తుంది.

ఏ సీసా కొనాలి?

షాపుకి వెళ్తే రకరకాల సీసాలు, పేర్లు, ధరలు. కంగారు పడకండి. సీసా మీద మూడు చూడండి చాలు.

ఒకటి, 100 శాతం అగేవ్ అని స్పష్టంగా రాసి ఉందా? అలా రాసి లేకపోతే అది మిక్స్‌తో అని పిలిచే రకం. చట్టం ప్రకారం దాంట్లో 51 శాతం చక్కెర అగేవ్‌ది ఉంటే చాలు, మిగతా 49 శాతం వరకు చెరకు చక్కెర లాంటివి వాడుకోవచ్చు. అది కల్తీ కాదు, చట్టబద్ధమే. కానీ పలోమాలో వస్తువులు నాలుగే కాబట్టి టెకీలా రుచి బయటికి తెలిసిపోతుంది.

రెండు, రకం. తెల్లగా నీళ్లలా ఉండేది బ్లాంకో. పీపాలో పెట్టకుండానో, 2 నెలల లోపో ఉంచి సీసాలో పోసింది. 2 నెలల నుంచి ఏడాది లోపు ఓక్ పీపాలో పెడితే రెపొసాదో. ఏడాది దాటితే అన్యేహో. మనకి బ్లాంకో చాలు. అన్యేహో ఖరీదైనది, దాన్ని సోడాలో కలిపితే పీపా వల్ల వచ్చిన రుచి అంతా గ్రేప్‌ఫ్రూట్ చేదులో మునిగిపోతుంది. డబ్బు దండగ.

మూడు, ఆల్కహాల్ శాతం. ఇది చాలామంది చూడరు. మెక్సికోలో 35 శాతం నుంచి 55 శాతం దాకా ఉండొచ్చు. అమెరికాలో అమ్మేది సాధారణంగా 40. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, ఇంకాసేపట్లో లెక్కకి పనికొస్తుంది.

గ్రేప్‌ఫ్రూట్, పంపర పనస

ఇప్పుడు పండు సంగతి. గ్రేప్‌ఫ్రూట్‌కీ ద్రాక్షకీ ఏ సంబంధమూ లేదు. చెట్టుకి గుత్తులుగా కాస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చిందంటారు. ఇది కరీబియన్ దీవుల్లో, బార్బడోస్ వైపు, 18వ శతాబ్దంలో పుట్టిన సంకరజాతి. దాని తల్లిదండ్రులు ఎవరో తెలుసా? ఒకటి కమలా జాతి, రెండోది మన పంపర పనస. మన పెరట్లో కాసే పంపర పనస ఆసియా నుంచి ఓడలెక్కి అంత దూరం వెళ్లి, అక్కడ గ్రేప్‌ఫ్రూట్‌ని కన్నదన్నమాట. నిమ్మ కూడా అంతే. మెక్సికోలో లిమోన్ అని పిండే చిన్న నిమ్మకాయ, మన ఊళ్లో పప్పులో పిండుకునే నిమ్మకాయ ఒకే జాతి. స్పెయిన్ వాళ్లు అటు పట్టుకెళ్లారు.

డ్రింక్ ఎవరు కనిపెట్టారు అంటే, గట్టి ఆధారం లేదు. టెకీలా ఊళ్లో లా కపీయా అనే చిన్న బార్ నడిపిన డాన్ హవియెర్ దెల్గాదో కొరోనా పేరు చాలామంది రాస్తుంటారు. ఆయన పేరుతో ఖాయంగా చెప్పగలిగేది బతాంగా అనే ఇంకో డ్రింక్, టెకీలా, కోలా, నిమ్మ కలిపేది. పలోమా మాత్రం సోడా వెంట వచ్చినట్టే ఉంది. స్క్వర్ట్ అనే గ్రేప్‌ఫ్రూట్ సోడా 1938లో అమెరికాలోని అరిజోనాలో పుట్టింది, 1950ల్లో మెక్సికోకి చేరింది. సోడా ఉంది, టెకీలా ఉంది, నిమ్మకాయ ఉంది. జనం కలిపేసుకున్నారు.

అమెరికాలో ఉండేవాళ్లకి స్క్వర్ట్, హరితోస్ లాంటివి మామూలు కిరాణా షాపుల్లోనే దొరుకుతాయి. హైదరాబాద్, విజయవాడ, వైజాగ్‌లో ఉండేవాళ్లు పెద్ద సూపర్ మార్కెట్లలో గ్రేప్‌ఫ్రూట్ సోడా టిన్నుల కోసం చూడండి. దొరకలేదా? పంపర పనస తెచ్చుకోండి. తొనల మీద తెల్లటి పొర పూర్తిగా తీసేసి, గింజలు తీసేసి, చేత్తో పిండి వడగట్టండి. మిక్సీలో వేయొద్దు, గింజ నలిగితే చేదు ఎక్కుతుంది. పంపర పనసలో గ్రేప్‌ఫ్రూట్ అంత చేదు ఉండదు, వాసన మాత్రం చాలా బాగుంటుంది. బత్తాయి రసం వాడతామంటే వాడొచ్చు, కానీ చేదూ లేదు, పులుపూ తక్కువ. అప్పుడది పలోమా కాదు, బత్తాయి టెకీలా అవుతుంది.

కొలతలు

రెండు పద్ధతులు చెప్తాను. రాసుకోండి.

మొదటిది, సోడా పద్ధతి. ఒక గ్లాసుకి: టెకీలా 50 ఎంఎల్, నిమ్మరసం 15 ఎంఎల్, చిటికెడు ఉప్పు, చల్లటి గ్రేప్‌ఫ్రూట్ సోడా 120 ఎంఎల్.

రెండోది, పండు పద్ధతి. టెకీలా 50 ఎంఎల్, గ్రేప్‌ఫ్రూట్ లేదా పంపర పనస రసం 60 ఎంఎల్, నిమ్మరసం 15 ఎంఎల్, చక్కెర పాకం 15 ఎంఎల్, చిటికెడు ఉప్పు, చివర్లో మామూలు సోడా 60 ఎంఎల్. పాకం అంటే తీగపాకం కాదు. పంచదార, వేడినీళ్లు సమానంగా తీసుకుని కరిగేదాకా కలిపి చల్లార్చడమే.

కొలవడానికి జిగ్గర్ ఉంటే సరే. లేకపోతే దగ్గు మందు సీసా మీద వచ్చే మూత ఉంటుంది కదా, దాని మీద 5, 10, 15 ఎంఎల్ గీతలుంటాయి. శుభ్రంగా కడిగి అది వాడండి. లేదా వంటల కొలత టేబుల్ స్పూన్ అంటే 15 ఎంఎల్. మూడు స్పూన్లు, ఇంకో టీ స్పూన్ వేస్తే 50. కంటితో చూసి పోయడం మాత్రం వద్దు. ఎందుకో వివరంగా చెప్తాను, ఈ ఎపిసోడ్ మొత్తానికి అసలు విషయం అదే.

కలిపే వరస

ముందు సోడా సంగతి. సోడాని కనీసం 4 గంటలు, కుదిరితే ముందు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టండి. కారణం ఉంది. సోడాలో ఉండేది కార్బన్ డయాక్సైడ్ గ్యాస్. నీళ్లు ఎంత చల్లగా ఉంటే అంత గ్యాస్ పట్టి ఉంచుకుంటాయి. 20 డిగ్రీల దగ్గర పట్టే గ్యాస్‌తో పోలిస్తే సున్నా డిగ్రీల దగ్గర దాదాపు రెట్టింపు పడుతుంది. గది వేడిలో ఉన్న సోడా మూత తీసి ఐస్ మీద పోస్తే, గ్యాస్ అంతా నురగలా పొంగి గాల్లోకి పోతుంది. గ్లాసులో మిగిలేది తీపి నీళ్లు. పలోమా చప్పగా వచ్చిందని చాలామంది టెకీలాని తిడతారు గానీ, తప్పు సోడా వేడిలో ఉంటుంది.

ఇప్పుడు వరస చూడండి.

ఒకటి. పొడుగు గ్లాసు తీసుకోండి. అంచుకి నిమ్మచెక్క రుద్ది, సగం అంచుకి మాత్రమే ఉప్పు అద్దండి. సగమే ఎందుకంటే, ఉప్పు వద్దనుకునేవాళ్లు రెండో వైపు నుంచి తాగుతారు. బీపీ ఉన్నవాళ్లకి అంచు ఉప్పు పూర్తిగా మానేయండి. ఉప్పులో కాస్త కారం కలిపినా బాగుంటుంది. మెక్సికోలో పళ్ల మీద కారం, ఉప్పు, నిమ్మ కలిపిన పొడి చల్లుకుంటారు, మనం జామకాయకి చేసినట్టే.

రెండు. గ్లాసులో నిమ్మరసం, చిటికెడు ఉప్పు వేసి ఉప్పు కరిగేదాకా కలపండి. ఈ ఉప్పు ఉప్పదనం కోసం కాదు. సోడియం చేదుని అణుస్తుంది. చేదు తగ్గితే పండు తీపి, వాసన పైకి తేలతాయి. కాకరకాయ ముక్కలకి ఉప్పు పట్టించే ఇంట్లో పుట్టినవాళ్లకి ఇది ప్రత్యేకం చెప్పక్కర్లేదు.

మూడు. టెకీలా కొలిచి పోయండి. పండు పద్ధతి అయితే రసం, పాకం కూడా ఇప్పుడే. బాగా కలపండి. సోడా పోశాక గట్టిగా కలపకూడదు కాబట్టి, కలపాల్సిందంతా ఇక్కడే కలిపేయాలి.

నాలుగు. గ్లాసు నిండా ఐస్. తక్కువ ఐస్ వేస్తే త్వరగా కరిగి డ్రింక్ నీళ్లవుతుంది. ఎక్కువ ఐస్ ఉంటే ఒకదాన్ని ఒకటి చల్లగా ఉంచుకుంటాయి. పెద్ద ముక్కలు మంచివి. పొడి చేసిన ఐస్ వద్దు, దాని గరుకు అంచుల మీద గ్యాస్ బుడగలు కట్టి త్వరగా పోతుంది.

ఐదు. గ్లాసుని కాస్త వంచి, సోడాని గోడ మీదుగా నెమ్మదిగా జార్చండి. పైనుంచి ధారగా కొట్టొద్దు.

ఆరు. స్పూన్ అడుగుదాకా దించి ఒక్కసారి పైకి లేపండి. అంతే. తిప్పొద్దు. సోడాని షేకర్‌లో వేసి మాత్రం ఎప్పుడూ ఊపకండి, మూత ఎగిరిపోతుంది.

ఎక్కువమంది వస్తే సోడా తప్ప మిగతావన్నీ ముందే కలిపి జగ్గులో పెట్టుకోండి. 8 గ్లాసులకి టెకీలా 400, నిమ్మరసం 120, ఉప్పు పావు టీ స్పూన్. ఫ్రిజ్‌లో పెట్టి, గ్లాసుకి 65 ఎంఎల్ చొప్పున పోసి, ఐస్ వేసి, సోడా అప్పటికప్పుడు 120 పోయండి. ఇలా చేస్తే ఎవరి గ్లాసులో ఎంత పడిందో మీకు ఖచ్చితంగా తెలుస్తుంది.

ఇంకో చిన్న విషయం. పెరట్లో ఎండలో కూర్చుని నిమ్మకాయలు పిండితే చేతులు వెంటనే సబ్బుతో కడుక్కోండి. నిమ్మరసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలు, నల్లటి మచ్చలు వస్తాయి. డాక్టర్లు దీనికి మార్గరీటా బర్న్ అని ముద్దు పేరు కూడా పెట్టారు.

ఎందుకు కొలవాలి?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. విస్కీ నీట్‌గా తాగితే గొంతు మండుతుంది. ఆ మంటే మనకి హెచ్చరిక. పలోమాలో ఆ మంట ఉండదు. చల్లదనం ఒక పక్క, తీపి ఒక పక్క, పులుపు, గ్యాస్ ఇంకో పక్క కలిసి ఆల్కహాల్‌ని నాలుకకి తెలియకుండా దాచేస్తాయి. నాలుక చెప్పదు కాబట్టి కొలత చెప్పాలి.

లెక్క చూద్దాం. 40 శాతం టెకీలా 50 ఎంఎల్ అంటే అందులో స్వచ్ఛమైన ఆల్కహాల్ 20 ఎంఎల్. బరువులో సుమారు 16 గ్రాములు. మామూలు 5 శాతం బీరు లెక్కలో ఇది 400 ఎంఎల్ బీరుతో సమానం. మన 650 ఎంఎల్ పెద్ద బీరు సీసాలో సగం కంటే ఎక్కువ. రెండు పలోమాలు అంటే ఆ పెద్ద సీసా మొత్తం దాటేశారన్నమాట. దాహానికి నిమ్మ సోడా తాగినట్టు పది నిమిషాల్లో ఒక గ్లాసు ఖాళీ అయిపోతుంది. అదే కంటితో చూసి పోస్తే? 50 అనుకున్నది 80, 90 అవ్వడం చాలా తేలిక. పొడుగు గ్లాసులో ఐస్ నిండా ఉన్నప్పుడు ఆ తేడా కంటికి ఆనదు. అప్పుడు రెండు గ్లాసులు తాగానన్న మనిషి నిజానికి మూడుకి పైగా తాగినట్టు.

ఈ 16 గ్రాములని కాలేయం అరిగించడానికి చాలామందికి సుమారు 2 గంటలు పడుతుంది. మజ్జిగ తాగినా, నిమ్మరసం తాగినా, కాఫీ తాగినా, తల మీద చన్నీళ్లు పోసుకున్నా ఆ వేగం పెరగదు. ముందు కడుపునిండా తింటే రక్తంలోకి ఎక్కడం మెల్లగా ఉంటుంది, అది మాత్రం నిజం. కాబట్టి భోజనం ముందు పెట్టండి. తొమ్మిది దాకా డ్రింకులు, పదిన్నరకి బిర్యానీ అనే మన అలవాటు తిరగెయ్యాలి.

డ్రైవింగ్ సంగతి. మన దేశంలో చట్టం ప్రకారం 100 ఎంఎల్ రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఆ పరిమితి 80. మన దగ్గర పరిమితి ఎంత తక్కువో చూడండి. ఒక్క గ్లాసుతోనే కొంతమందికి, ముఖ్యంగా బరువు తక్కువున్నవాళ్లకి, ఆడవాళ్లకి, అది దాటిపోవచ్చు. "ఒక్కటేగా బావా, ఏం కాదులే" అనే మాట పలోమాకి అస్సలు వర్తించదు. తాళాలు ముందే తీసుకోండి, క్యాబ్ ముందే మాట్లాడండి, లేదా పరుపులు వేయండి.

మందులు వాడేవాళ్లకి

ఇది దయచేసి శ్రద్ధగా వినండి. మన ఇళ్లల్లో 45 దాటిన నలుగురు కూర్చుంటే అందులో ఒకరిద్దరు బీపీకో, కొలెస్ట్రాల్‌కో, షుగర్‌కో మాత్ర వేసుకునేవాళ్లే.

1989లో కెనడాలో డేవిడ్ బెయిలీ అనే శాస్త్రవేత్త బృందం ఒక పరిశోధన ప్రచురించింది. ఫెలోడిపిన్ అనే బీపీ మందుకీ ఆల్కహాల్‌కీ ఉన్న సంబంధం వాళ్లు పరీక్షిస్తున్నారు. ఆల్కహాల్ రుచి తెలియకుండా ఉండటానికి గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపి ఇచ్చారు. చూస్తే రక్తంలో మందు మోతాదు అనుకున్నదానికంటే చాలా ఎక్కువ ఉంది. కారణం వెతికితే అది ఆల్కహాల్ కాదు, గ్రేప్‌ఫ్రూట్ అని తేలింది. ఆల్కహాల్ రుచి దాచడానికి గ్రేప్‌ఫ్రూట్ రసం! మనం పలోమాలో చేస్తున్నది కూడా అదే కదా.

జరిగేదేంటంటే, మన పేగుల్లో కొన్ని మందులని ముందే కొంత విరగ్గొట్టే ఒక ఎంజైమ్ ఉంటుంది. గ్రేప్‌ఫ్రూట్‌లోని ఫ్యూరనోకూమరిన్లు అనే పదార్థాలు దాన్ని పనిచేయనివ్వవు. దాంతో వేసుకున్న మాత్ర ఒకటే అయినా, రక్తంలోకి ఎక్కువ మోతాదు పోతుంది. దీని ప్రభావం ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే ఉంటుంది. కాబట్టి "మాత్ర పొద్దున వేసుకున్నాను, ఇది రాత్రి తాగుతున్నాను" అన్నా సరిపోదు. కొలెస్ట్రాల్ మందుల్లో సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్, బీపీ మందుల్లో ఫెలోడిపిన్, నిఫెడిపిన్ ఈ జాబితాలో ఉన్నాయి. పంపర పనసలోనూ ఇవే పదార్థాలు ఉంటాయి, కాబట్టి పండు మార్చామని ధీమా పడొద్దు.

షుగర్ ఉన్నవాళ్లకి ఇంకో సంగతి. అగేవ్‌తో చేసింది కాబట్టి టెకీలా షుగర్‌కి మంచిదని ప్రచారం ఉంది. నమ్మకండి. మొక్కలోని తీపి పులియబెట్టినప్పుడే ఆల్కహాల్ అయిపోతుంది. పైగా తీపి సోడా 120 ఎంఎల్‌లో దాదాపు 3 టీ స్పూన్ల పంచదార ఉంటుంది. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లకి ఆల్కహాల్ వల్ల కొన్ని గంటల తర్వాత, నిద్రలో, షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. నిద్రమాత్రలు వేసుకునేవాళ్లు ఆల్కహాల్ జోలికే వెళ్లకూడదు. మీ మాత్రల చీటీ డాక్టర్‌కో, ఫార్మసిస్ట్‌కో చూపించి, "గ్రేప్‌ఫ్రూట్ పడుతుందా, మందు పడుతుందా" అని రెండు ప్రశ్నలూ విడివిడిగా అడగండి.

ఇంట్లో పెద్దాయన ఉంటే నలుగురిలో "మీరు ఏ మాత్రలు వాడుతున్నారు బాబాయ్?" అని అడగడం ఆయనకి ఇబ్బంది. గ్రేప్‌ఫ్రూట్ లేని గ్లాసు ఒకటి ముందే కలిపి పక్కన పెట్టండి. ఎవరూ అడగక్కర్లేదు, ఎవరూ చెప్పక్కర్లేదు.

తాగనివాళ్ల గ్లాసు

ఆ గ్లాసు ఎలా కలపాలో కూడా చెప్తాను. బత్తాయి రసం 60 ఎంఎల్, నిమ్మరసం 20, పాకం 10, చిటికెడు నల్ల ఉప్పు, ఐస్, చల్లటి సోడా 120. అదే పొడుగు గ్లాసు, అదే అంచు ఉప్పు. చూడటానికి పలోమాకీ దీనికీ తేడా ఉండదు. డ్రైవ్ చేసేవాళ్లు, మాత్రలు వాడేవాళ్లు, అసలు అలవాటే లేనివాళ్లు అందరూ చేతిలో గ్లాసుతో కూర్చోవచ్చు. "ఏంట్రా, తాగట్లేదా?" అనే ప్రశ్న రాదు. గ్లాసులు కలిసిపోకుండా తాగనివాళ్ల వాటికి నిమ్మచక్రం, పలోమాకి గ్రేప్‌ఫ్రూట్ ముక్క పెట్టండి. ఇంట్లో పిల్లలుంటే ఇది మరీ ముఖ్యం. సగం తాగి బల్ల మీద వదిలేసిన పలోమాని చిన్నపిల్లలు కూల్‌డ్రింక్ అనుకునే తాగుతారు. ఖాళీ గ్లాసులు, సగం గ్లాసులు ఎప్పటికప్పుడు తీసేయండి.

ప్రేక్షకుల ప్రశ్నలు

సోడా తీపి వద్దు, ఏం చేయాలి అని అడిగారు. టెక్సస్‌లో రాంచ్ వాటర్ అని తాగుతారు. టెకీలా, నిమ్మరసం, టోపో చికో అనే మెక్సికో మినరల్ వాటర్. తీపి అస్సలు ఉండదు, గ్రేప్‌ఫ్రూట్ కూడా ఉండదు. మామూలు సోడాతోనూ చేసుకోవచ్చు. ఆల్కహాల్ లెక్క మాత్రం మారదు, 50 అంటే 50.

మట్టి ముంతలో ఇచ్చేది చూశాం, అది ఏంటి అని ఇంకొకరు. దాన్ని కంతరీతో అంటారు, హలిస్కోలో బాగా ప్రసిద్ధి. కమలా, నిమ్మ, గ్రేప్‌ఫ్రూట్ మూడు రసాలు, టెకీలా, ఉప్పు, పైన గ్రేప్‌ఫ్రూట్ సోడా. మన కుండ నీళ్లలాగే ముంత చెమర్చి చల్లగా ఉంటుంది. మీరు చేసుకోవాలంటే తినడానికి పనికొచ్చే, రంగులు పూయని మట్టి ముంత తీసుకుని, అరగంట నీళ్లలో నానబెట్టి వాడండి.

టెకీలా సీసా తెరిచాక ఎన్నాళ్లు ఉంటుంది అని మరొకరు. మూత గట్టిగా పెట్టి, ఎండ తగలని చోట నిలబెడితే నెలల తరబడి పాడవదు. నిమ్మరసం మాత్రం ఏ రోజుది ఆ రోజే పిండాలి.

సరే అండీ, ఒక్కసారి మళ్లీ చెప్పుకుందాం. సోడా చల్లగా, ఉప్పు చిటికెడు, ఐస్ నిండుగా, సోడా చివర్లో. టెకీలా కొలిచి, 50 ఎంఎల్. భోజనం ముందు, తాళాలు పక్కకి, మాత్రలు వాడేవాళ్లకి వేరే గ్లాసు. 750 ఎంఎల్ సీసాకి సరిగ్గా 15 పలోమాలు రావాలి. మీ సీసా 9 గ్లాసులకే అయిపోయిందంటే, ఎక్కడో కొలత తప్పుతోందని అర్థం.

పంపర పనసతో చేసినవాళ్లు రుచి ఎలా వచ్చిందో రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.